చేను అమ్మి ఇన్సులిన్ పంపు కొనే ముందు: ఆదోని నుంచి అడిగిన అన్నకు

అన్నా, మీరు రాసింది ఇది. పాపకు పదకొండేళ్లు. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) బయటపడి రెండేళ్లయింది. పొద్దున ఒకటీ రాత్రి ఒకటీ 30/70 ఇన్సులిన్ వేస్తున్నారు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9.4 దగ్గరే నిలిచిపోయింది. బడిలో మధ్యాహ్నం అన్నం గంట కొట్టకముందే షుగర్ లో అయి, అంటే బాగా తగ్గి, ఒకసారి పడిపోయింది. హైదరాబాద్‌లో చూపిస్తే ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపు పెట్టిస్తే మేలన్నారు. పత్తి చేనులో ఒక ఎకరం అమ్మి పంపు కొనాలా, సూదులతోనే నడపాలా అని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇప్పుడప్పుడే చేను అమ్మకండి. పంపు మంచి సాధనమే, ఇది రాస్తున్నప్పుడు కూడా నా నడుముకు ఒకటి ఉంది. కానీ 30/70 నుంచి నేరుగా పంపుకు వెళ్తే మధ్యలో ఒక దశ తప్పిపోతుంది. ఆ దశలోనే పాప షుగర్ చాలావరకు దారికి రావచ్చు. అది నేర్చుకోకుండా పంపు పెట్టుకున్నా షుగర్లు అలాగే ఉంటాయి, చేను మాత్రం పోతుంది.

నేను డాక్టర్‌ను కాను. హైస్కూల్లో ఉండగా నాకు టైప్ 1 వచ్చింది. చాలా ఏళ్లు సిరంజీ, తర్వాత ఇన్సులిన్ పెన్నులు, ఇప్పుడు పంపు వాడుతున్నాను. ఉండేది అనంతపురంలో. ఇక్కడా, కడపలోనూ టైప్ 1 పిల్లలున్న ఇళ్లవాళ్లు అడిగితే వెళ్లి కూర్చుని మాట్లాడుతుంటాను. ఎన్ని యూనిట్లు అన్నది మీ డాక్టరే నిర్ణయించాలి. మిగతాది నేను చెప్పగలను.

మీరు పోల్చి చూస్తున్నది రెండు పూటల 30/70 సూదినీ, పంపునూ. ఆ పోలికలో పంపు ఎప్పుడూ గెలుస్తుంది. పంపుతో పోల్చాల్సింది రోజుకు నాలుగు సూదుల పద్ధతిని. ఆరోగ్యంగా ఉన్న మనిషి క్లోమం రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది, తిన్నప్పుడు మాత్రం ఒక్కసారిగా ఎక్కువ వదులుతుంది. 30/70లో ఈ రెండు పనులకూ కావలసిన మందు ఒకే సీసాలో ముందే కలిపి ఉంటుంది. అందులో 70 పాళ్లు మెల్లగా పనిచేసే రకం. పొద్దున ఏడింటికి వేస్తే దాని జోరు సరిగ్గా మధ్యాహ్నం వేళకే పెరుగుతుంది. ఆ వేళకు పాప తిని ఉంటే సరి. అన్నం గంట ఆలస్యమైనా, పొద్దున బడికి వెళ్లే తొందరలో సగం ఇడ్లీ వదిలేసినా, పీటీ పీరియడ్‌లో పరుగెత్తినా మందు మాత్రం ఆగదు. బడిలో పడిపోవడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు. ఆ భయంతో మీరు మోతాదు తగ్గిస్తారు, దాంతో రాత్రిళ్లు షుగర్ 300 దాటుతుంది. హెచ్‌బీఏ1సీ 9 దగ్గర ఆగిపోయిన చాలా ఇళ్లలో నేను చూసింది ఇదే వరస.

నాలుగు సూదుల పద్ధతిలో ఈ పనులను విడదీస్తారు. గ్లార్జిన్ లాంటి దీర్ఘకాల ఇన్సులిన్ రోజుకు ఒకసారి వేస్తారు, దీన్ని బేసల్ అంటారు. మూడు పూటలా తినే ముందు లిస్ప్రో, ఆస్పార్ట్ లాంటి వేగంగా పనిచేసే ఇన్సులిన్ వేస్తారు, అది బోలస్. తినేదాన్ని బట్టి బోలస్ పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఆ పూట తినకపోతే మానేయవచ్చు. పాప జీవితం సీసా చెప్పినట్టు నడవాల్సిన అవసరం పోతుంది. గ్లార్జిన్‌ను 2022లో జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేర్చారు, కాబట్టి ధరపై నియంత్రణ ఉంది. మీ ఊళ్లో దొరకకపోతే కర్నూలులో అడిగి చూడండి.

సూదులకూ పంపుకూ మధ్య తేడా ఎంత అన్నదానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒకటుంది. అమెరికా, కెనడాలలో 1,441 మంది టైప్ 1 రోగులతో ఏళ్ల తరబడి ఒక అధ్యయనం నడిపి, 1993లో ఫలితాలు ప్రకటించారు. దాని పేరు డీసీసీటీ. ఒక జట్టుకు పాత పద్ధతిలో రోజుకు ఒకటో రెండో సూదులు వేశారు. రెండో జట్టుకు రోజుకు మూడు, అంతకంటే ఎక్కువ సూదులు గానీ, పంపు గానీ పెట్టి, రోజుకు నాలుగైనా పరీక్షలు చేస్తూ మోతాదు సరిచేసుకోమన్నారు. పాత పద్ధతివారి హెచ్‌బీఏ1సీ 9 దగ్గర ఉండిపోయింది, రెండో జట్టుది 7 దగ్గరకు వచ్చింది. కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. మూత్రపిండాలకూ నరాలకూ కూడా మేలు కనిపించింది. గమనించండి, సూదులవాళ్లనూ పంపువాళ్లనూ కలిపి ఒకే జట్టుగా చూశారు. మేలు జరిగింది లెక్క చూసుకుని మందు వేసుకోవడం వల్ల. అదే జట్టులో తీవ్రమైన లో షుగర్లు మూడు రెట్లు పెరిగాయన్నది కూడా దాచకూడదు. ఆ రోజుల్లో వాళ్లకు ఇప్పటి సెన్సర్లు లేవు.

అందుకే నాలుగు సూదులతోపాటు వీలైతే సెన్సర్ పెట్టించండి. భుజం వెనుక అతికించే చిన్న బిళ్ల, రకాన్ని బట్టి ఒకటి రెండు వారాలు పనిచేస్తుంది, ఫోనులో షుగర్ గీత కనిపిస్తూ ఉంటుంది. ప్రతి నెలా కొనలేకపోతే రెండు నెలలకొకటైనా సరే. రాత్రి రెండింటికి ఏమవుతోంది, ఉగ్గాని తిన్న గంటకు ఎంతకు ఎగబాకుతోంది, పీటీ పీరియడ్ తర్వాత ఎంతకు పడుతోంది, ఇవన్నీ ఆ గీతలో కనిపిస్తాయి. పంపు ధరలో ఇది చిన్న భాగం. నన్నడిగితే డబ్బు ముందు పెట్టాల్సింది దీని మీదే.

ఇక పంపు. చిన్న ఫోనంత పెట్టె, అందులో ఇన్సులిన్ నింపిన గొట్టం, దాని నుంచి సన్నని పైపు, పైపు చివర చర్మం కింద ఉండే మెత్తటి చిన్న నాళం, దాన్నే కాన్యులా అంటారు. వేగంగా పనిచేసే ఇన్సులిన్‌నే గంటకు ఇంత అని చుక్కలు చుక్కలుగా పంపుతూ ఉంటుంది, తినేటప్పుడు మీరు చెప్పినంత అదనంగా ఇస్తుంది. కొత్త రకాలు సెన్సర్‌తో మాట్లాడుకుంటూ ఐదు నిమిషాలకోసారి మోతాదు తామే సరిచేసుకుంటాయి, షుగర్ పడిపోయేలా ఉంటే ఇన్సులిన్ ఆపేస్తాయి. కానీ తినే ముందు ఎన్ని గ్రాముల పిండిపదార్థం తింటున్నామో చెప్పాల్సింది మనమే. పంపు పెడితే ఇక లెక్కలు ఉండవని ఎవరైనా చెబితే నమ్మకండి. జొన్నరొట్టెలో ఎంత పిండిపదార్థం ఉంది, గరిటెడు చిత్రాన్నంలో ఎంత ఉంది అన్నది తెలియని ఇంట్లో పంపు తన పని సగమే చేయగలదు.

పంపు నిజంగా గెలిచే చోట్లు ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా శరీరంలో కొన్ని హార్మోన్లు షుగర్‌ను పైకి నెడతాయి. ఎదిగే వయసులో ఇది మరీ ఎక్కువ. మీ పాప కూడా ఆ వయసులోకే అడుగుపెడుతోంది, రాబోయే ఏళ్లలో ఇన్సులిన్ అవసరం బాగా పెరుగుతుంది, కంగారు పడకండి. గ్లార్జిన్ రోజంతా దాదాపు ఒకే తీరున పనిచేస్తుంది. పంపులో మాత్రం ఒక గంట ముందే, మూడింటి నుంచి ఏడింటి దాకా కొంచెం ఎక్కువ ఇవ్వమని పెట్టుకోవచ్చు. నేను పంపుకు మారింది ముఖ్యంగా ఇందుకే, ఇంకా రాత్రి లో అవుతున్నా మెలకువ రాని స్థితికి చేరినందుకు. పసిపిల్లలకు అర యూనిట్ కూడా ఎక్కువయ్యే చోట పంపు యూనిట్‌లో నలభయ్యో వంతు దాకా ఇవ్వగలదు. గర్భం కోసం సిద్ధమవుతున్న టైప్ 1 స్త్రీలు ఎవరైనా అడిగితే, స్తోమత ఉంటే పంపు విషయం డాక్టరుతో గట్టిగా మాట్లాడమనే చెబుతాను.

ఇంకొకటి, మన తిండి. ఆదివారం రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్న రోజు షుగర్ వెంటనే పెరగదు. కొవ్వు, మాంసకృత్తులు ఉన్నందువల్ల మూడు నాలుగు గంటల తర్వాత మెల్లగా లేస్తుంది. సూది అంతా ముందే వేస్తే మొదట లో, పడుకునే వేళకు హై. పంపులో బోలస్‌ను రెండు భాగాలు చేసి రెండో భాగాన్ని రెండు మూడు గంటలపాటు మెల్లగా ఇవ్వమని చెప్పవచ్చు. పెన్నుతోనూ రెండు విడతలుగా వేసుకోవచ్చు, దానికి ఇంకో పోటు కావాలి, మధ్యలో లెక్క తప్పకూడదు. ఏ రోజు తిండికి ఏ పద్ధతి అని మీ డాక్టరుతో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు పంపు అమ్మేవాళ్లు తొందరగా దాటేసే విషయానికి వస్తాను. పంపులో దీర్ఘకాల ఇన్సులిన్ ఉండదు. అంటే కాన్యులా వంగినా, ఊడినా, పైపులో గాలి చేరినా కొన్ని గంటల్లోనే ఒంట్లో ఇన్సులిన్ ఖాళీ. గ్లార్జిన్ వేసుకునేవాళ్లు ఒక పూట బోలస్ మరిచిపోయినా అడుగున కొంత మందు మిగిలి ఉంటుంది. పంపువాళ్లకు ఆ ఆసరా లేదు. కడపలో నాకు తెలిసిన ఒక అబ్బాయికి పెళ్లి భోజనం తిని వచ్చిన రాత్రి నిద్రలో కాన్యులా వంగిపోయింది. పంపు అలారం ఇవ్వలేదు, ఎందుకంటే ఇన్సులిన్ పూర్తిగా అడ్డుపడలేదు, చర్మం మీదకు కారిపోయింది. తెల్లారేసరికి వాంతులు, కడుపునొప్పి. పెళ్లిలో తిన్నది పడలేదనుకుని ఇంట్లో మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టారు. పిల్లాడు ఎగశ్వాస తీస్తుంటే వాళ్ల పెద్దమ్మకు అనుమానం వచ్చి మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూసింది. స్ట్రిప్పు ముదురు ఊదారంగుకు మారింది. ఆసుపత్రిలో ఐసీయూలో ఉంచి గట్టెక్కించారు.

కాబట్టి పంపు ఉన్న ఇంట్లో పాటించాల్సిన నియమం ఇది. కారణం తెలియకుండా షుగర్ 250 దాటి, పంపుతో సరిదిద్దినా గంట రెండు గంటల్లో దిగకపోతే ఇక పంపును నమ్మకూడదు. కీటోన్లు చూడాలి, సరిదిద్దే మోతాదు పెన్నుతో వేయాలి, సెట్టు (పైపు, కాన్యులా) కొత్తది పెట్టాలి. వాంతులు మొదలైతే ఆసుపత్రికి బయలుదేరాలి. అంటే పంపు కొన్నా పెన్నులు, గ్లార్జిన్, కీటోన్ స్ట్రిప్పులు ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సిందే. పంపు పాడైన రోజు పాపను కాపాడేది మళ్లీ ఆ నాలుగు సూదుల విద్యే. ముందు అది నేర్చుకోండి అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడే మన దేశంలో ఇంకో ప్రమాదం ఉంది. మందుల దుకాణాల్లో రెండు బలాల ఇన్సులిన్ సీసాలు దొరుకుతాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజీలూ రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. పంపులో వాడేది 100 రకం. పంపు ఆగిపోయిన అర్ధరాత్రి దాని కోసం తెచ్చిన 100 సీసాలోంచి, ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజీతో 10 అని ఉన్న గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. పదకొండేళ్ల పాపకు అది ప్రాణం మీదికి తెస్తుంది. సీసా మీద రాసింది, సిరంజీ మీద రాసింది ఒకటేనా అని ప్రతిసారీ చదవాలి. ఇంట్లో అందరితో చదివించాలి. పెన్ను వాడితే ఈ గొడవ ఉండదు, 30/70 నుంచి మారేటప్పుడు పెన్నులే అడగండి.

ఎండ గురించి కూడా ఆలోచించాలి. కర్నూలు, అనంతపురం, కడపలలో వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. వాడుతున్న ఇన్సులిన్‌ను సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచాలి, తెరిచాక చాలా రకాలు నాలుగు వారాల వరకే పనిచేస్తాయి. పెన్నును బడి సంచిలో చల్లటి పౌచ్‌లో పెట్టి పంపవచ్చు. ఇంట్లో కరెంటు పోతే మట్టికుండ బాగా పనికొస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ పెట్టి, అందులో సీసాను పొడి డబ్బాలో మూత బిగించి ఉంచితే చాలు. మన గాలిలో తేమ తక్కువ కాబట్టి కుండ ఇక్కడ బాగా చల్లబడుతుంది. పంపులోని ఇన్సులిన్ మాత్రం ఒంటికి అంటుకునే ఉంటుంది, దాన్ని కుండలో పెట్టలేం. పాప మే నెలలో చేలో తిరిగినా, బైకు మీద ఎండలో వెళ్లినా ఆ మందు వేడెక్కుతుంది. పంపును దుస్తుల లోపలికి, నీడ పట్టున ఉంచుకోవాలి. చెమటకు అతుకు ఊడుతుంది, పైన అదనపు టేపు వేయాలి. వేసవిలో నేను సెట్టును మూడో రోజు దాకా ఉంచకుండా రెండు రోజులకే మారుస్తాను. దానివల్ల ఖర్చు పెరుగుతుంది.

సెట్టు మార్చడం ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే అది రెండు మూడు రోజులకొకసారి మీ ఇంట్లో జరుగుతుంది. ఇన్సులిన్ సీసాను ముందే ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి. చల్లగా ఉన్నప్పుడు నింపితే తర్వాత గొట్టంలో బుడగలు పుడతాయి, బుడగ ఉన్నంత మేర ఇన్సులిన్ అందదు. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని వేలితో తడుతూ బుడగలు పైకి తోలాలి, పైపు చివర చుక్క కనిపించేదాకా నింపాలి. పొట్ట మీదో తొడ మీదో పాత చోటికి దూరంగా పెట్టాలి. రెండు గంటల తర్వాత తప్పకుండా షుగర్ చూడాలి. అందుకే పడుకునే ముందు సెట్టు మార్చకూడదు, సాయంత్రం నాలుగింటికి మార్చాలి.

డబ్బు సంగతి. పంపు ధర లక్షల్లో ఉంటుంది, అది అందరికీ తెలుసు. చాలామంది అడగనిది నెల ఖర్చు. మూడు రోజులకొక సెట్టు అంటే నెలకు పది, వాటితోపాటు గొట్టాలు, సెన్సర్లు, ఇన్సులిన్, ఇవన్నీ వేలల్లోకి వెళ్తాయి. మీకు పత్తి డబ్బు ఏడాదికొకసారి వస్తుంది, అదీ వాన మీదా ఆదోని మార్కెట్ ధర మీదా ఆధారపడి. పంపు మాత్రం ప్రతి నెలా అడుగుతుంది. ఎకరం అమ్మితే పంపు వస్తుంది, రెండో ఏడాది సెట్లకు ఏమి అమ్ముతారు? సెట్లు కొనలేక పంపును బీరువాలో పెట్టి మళ్లీ సూదులకు వచ్చిన ఇళ్లు నాకు తెలుసు. అంతకంటే ప్రమాదం, మూడు రోజుల సెట్టును వారం దాకా లాగడం. అలా లాగితే చర్మం పుండవుతుంది, ఇన్సులిన్ సరిగా ఎక్కదు.

ఎప్పుడైనా పంపు గురించి కంపెనీ మనిషితో మాట్లాడితే ఇవి కాగితం మీద రాయించుకోండి: నెలకు మొత్తం ఎంత, వారంటీ ఎన్నేళ్లు, పాడైతే మారుపంపు ఎన్ని గంటల్లో ఆదోనికి చేరుతుంది, రాత్రి పదకొండింటికి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారా, కొనే ముందు కొన్నాళ్లు పెట్టి చూడనిస్తారా. నేర్పించేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల నుంచే రావాలి. ఒక్కరోజు వచ్చి మీట నొక్కడం చూపించి వెళ్లిపోతే సరిపోదు.

పాప ఇష్టం కూడా అడగండి. మన దగ్గర ఎవరూ పిల్లలను అడగరు. కొందరు పిల్లలకు ఒంటి మీద ఎప్పుడూ పెట్టె ఉండటం, తోటిపిల్లలు అదేమిటని అడగడం నచ్చదు. కొందరికి అన్నం గంటకు అందరి ముందు పెన్ను తీయడం అంతకంటే కష్టం. ఒంటి మీద మోసేది తనే కదా.

ఇక ఇప్పుడు చేయాల్సింది. ఈ వారమే పాపకు సూదులు వేసే చోట్లను చేత్తో తడిమి చూడండి. తొడ మీదో చేతి మీదో గట్టిగా గడ్డలా తగిలితే అక్కడ వేయడం ఆపండి, గడ్డలోకి వెళ్లిన మందు సరిగా ఎక్కదు. ఇక్కడ కొంచెం జాగ్రత్త, మంచి చోటికి మారగానే అదే మోతాదు ఎక్కువై లో అవుతుంది, డాక్టరుకు ముందే చెప్పండి. తర్వాత మీ డాక్టరును నాలుగు సూదుల పద్ధతికి మార్చమని నేరుగా అడగండి. 4 మిల్లీమీటర్ల సూదితో పెన్ను వేస్తే నొప్పి పెద్దగా తెలియదు, నాలుగు అనగానే భయపడే పిల్లలు కూడా వారంలో అలవాటు పడతారు. సెన్సర్ గీతలో 70 నుంచి 180 మధ్య గడిపే సమయం ఇప్పుడు ఎంత ఉందో రాసుకోండి, 70 శాతానికి చేరాలన్నది సాధారణ లక్ష్యం. ఆరు నెలలు శ్రద్ధగా చేసినా తెల్లవారుజామున పైకి పోతూనే ఉంటే, రాత్రి లో షుగర్లు ఆగకపోతే, అప్పుడు పంపు అడగడానికి గట్టి కారణం ఉన్నట్టు. అప్పటికి లెక్కలన్నీ మీకు వచ్చి ఉంటాయి, నెల ఖర్చు మోయగలరో లేదో కూడా తేలిపోతుంది. ఆ గీతలు తీసుకుని వెళ్తే హైదరాబాద్ డాక్టరు కూడా ఇంకా స్పష్టంగా చెప్పగలుగుతారు.

ఈ లోపు బడి విషయం ఆలస్యం చేయకండి. క్లాసు టీచరును, పీటీ సారును కలిసి ఒక కాగితం ఇవ్వండి. చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే ముందు 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ షుగర్ చూడాలి. వేరుశనగ ఉండ, చాక్లెట్ ఆ సమయానికి పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా ఎక్కనిస్తుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లూకోజ్ డబ్బా ఒకటి పాప సంచిలో, ఇంకొకటి టీచరు బల్లలో ఉంచండి. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక ఏ ఇన్సులిన్ రాశారో, పూటకు ఎంతో ఇక్కడే రాయండి అన్నా. తిండి లెక్క ఎలా వేయాలో మన వంటలతోనే, రొట్టెకు ఇంత సంగటి ముద్దకు ఇంత అని, కూర్చుని చెబుతాను.